నర్సమ్మ రెండో జత

బొగ్గులక్కకు ఆ పేరు వీధిలో పిల్లలు పెట్టారు. పెళ్లయి వచ్చిన కొత్తలోనే ఇస్త్రీపెట్టెలోకి బొగ్గులు రాజేసే పని ఆమె చేతికొచ్చింది. ఆ తర్వాత ఆ పని ఇంకెవరూ ఆమె చేతిలోంచి తీసుకోలేదు. నిప్పురవ్వలు కళ్లలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, పెదాలు బిగబట్టి విసనకర్రతో విసురుతుంటే ఎవరి మీదో అలిగి కూర్చున్నట్టుండేది. అలా అనుకుని పలకరించకుండా వెళ్లినవాళ్లు బతికిపోయేవాళ్లు. పలకరించినవాళ్లకు మాత్రం ఆ పూట వేరే పని సాగేది కాదు.

ఆమె భర్తను అందరూ మడతాయన అనేవారు. ఆయన మాట్లాడేది బహు తక్కువ. "ఇద్దరి వాటా మాటలూ మీ ఆవిడే మాట్లాడేస్తోందయ్యా" అని ఎవరైనా అంటే, లెక్క సరిగ్గానే ఉందన్నట్టు తలూపి ఊరుకునేవాడు. నాలుగంతస్తుల మేడకు మెట్ల కింద వాళ్ల దుకాణం. దుకాణమంటే ఒక బల్ల, దాని మీద మడతలు వేసి పరిచిన పాత కంబళి, గోడకు మేకులు, మూలన బొగ్గుల బస్తా. మెట్లెక్కేవాళ్ల చెప్పుల చప్పుడు సరిగ్గా నెత్తి మీదే పడేది.

గంజి పెట్టిన తెల్లబట్టకు తడి మంచు పడ్డట్టు సన్నగా పడాలి. మడతాయన ఒక గుక్క నీళ్లు నోట్లో పట్టి, పెదాలు దగ్గరకు చేసి బుస్సుమని చిమ్మేవాడు. ఆ తుంపర బట్ట మీద పరుచుకోగానే ఇస్త్రీపెట్టె ఆనించేవాడు. వాళ్ల నాన్న చేసింది అదే, తాత చేసింది అదే. వీధిలో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు, ఇంటింటికీ జ్వరాలు పాకిన ఆ ఏడాది వరకూ.

ఆ ఏడాది మేడ మీది అత్త దిగొచ్చింది. ఆ మేడలో ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి సంచిలో ఏం కొన్నారో ఆవిడకు తెలియకుండా జరిగేది కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని బల్ల ముందు నిలబడింది.

"ఏమయ్యా, మా దుప్పట్లు శుభ్రంగా ఉతుక్కుని నీ చేతికిస్తుంటే నువ్వు వాటి మీద పుక్కిలిస్తావా?"

"పుక్కిలించడం కాదత్తా, తడి..." అంది బొగ్గులక్క.

"తడి కావాలంటే కుళాయి లేదూ? మీ ఆయన నోరే కావాలా?"

వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు. మడతాయనకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే నొక్కితే నీళ్లు చిమ్మే ప్లాస్టిక్ సీసా కొని బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాడు. బోర్డులు రాసే ఆయన్ను పిలిపించి ఎర్ర అక్షరాలతో బోర్డు కూడా రాయించాడు. "ఇక్కడ నోటితో నీళ్లు చల్లబడవు" అని.

సీసా అన్నిటికీ పనికొచ్చింది గానీ గంజి బట్టలకు కుదరలేదు. నీళ్లు బొట్లు బొట్లుగా పడి, వేడి తగలగానే మచ్చలు తేలేవి. ఆయన చేతిలోంచి మచ్చ పడ్డ తెల్లబట్ట వెళ్లడమంటే ఆయనకు ఊపిరాడేది కాదు. అందుకని సీసా సీసాలాగే ఉంది, గంజి బట్టలకు పాత పద్ధతి పాత పద్ధతిలాగే నడిచింది. ఆయన గ్లాసు అందుకోగానే బొగ్గులక్క ఒక దుప్పటి తీసి వీధి వైపు విప్పి, రెండు చేతులూ బార్లా చాపి, దులుపుతున్నట్టు నిలబడేది. ఆ చాటున బుస్సుమనేది. దుప్పటి దిగేసరికి ఆయన ఏమీ ఎరగనట్టు ఇస్త్రీ చేస్తుండేవాడు. ఇన్నేళ్లలో ఆ పని ఎవరి కంటా పడలేదు. దానికి ఆమె లోలోపల మురిసిపోయేది కూడా.

రెండో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుని నర్సమ్మ ఉండేది. ఆసుపత్రిలో పని, ఒంటరి మనిషి, తల్లీ తండ్రీ వేరే ఊళ్లో. ఆ అమ్మాయికి తెల్ల యూనిఫాం రెండే జతలు. ఒకటి ఒంటి మీద ఉంటే రెండోది మడతాయన దగ్గర ఉండేది.

"అక్కా, మీ ఆయన ఇస్త్రీ చేసిన కాలరు మెడను కోసేస్తోంది. తల తిప్పలేక నిటారుగా నడుస్తుంటే పేషెంట్లు నన్నే పెద్ద డాక్టరనుకుంటున్నారు" అనేది.

"అనుకోనీవే, ఫీజు కూడా తీసుకో" అనేది బొగ్గులక్క.

ఒక ఉదయం నర్సమ్మ గది తలుపు ఓరగా తెరిచి ఉంది, పాలపాకెట్టు గుమ్మంలోనే పడి ఉంది. మేడ మీది అత్త తొంగి చూసి కెవ్వున అరిచింది. పిల్ల నేల మీద పడి ఉంది. ఎవరో గొంతు నులిమేశారు. ఒంటి మీద యూనిఫాం. ముందు రోజు సాయంత్రం మడతాయన పైకి తీసుకెళ్లి ఇచ్చి వచ్చిన జతే. రాత్రి డ్యూటీకని వేసుకుంది, గది దాటలేదు.

పోలీసులు మేడలో మగవాళ్లందరినీ పిలిచి చెంప లోపల దూదిపుల్ల తిప్పి తీసుకెళ్లారు. మడతాయనను కాస్త ఎక్కువసేపు కూర్చోబెట్టారు, ఆ గది తలుపు ఆఖరున తట్టింది ఆయనే కనక.

"ఇస్త్రీ చేసేటప్పుడు నోటితో నీళ్లు చల్లుతావా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు, బల్ల దగ్గరి బోర్డు చూసి.

దుకాణం ముందు మేడ మీది అత్త ఉంది. ఆవిడ వెనక సగం వీధి ఉంది.

"లేదు సార్. సీసాతోనే. బోర్డు చూడండి" అన్నాడు మడతాయన.

బొగ్గులక్క అక్కడే ఉంది. ఆ మాట విని నోరు మెదపలేదు. మెదపాలని కూడా అనిపించలేదు. దుకాణం పరువు నిలబడిందనే అనుకుంది. రాసిన వాంగ్మూలం కింద ఆయన సంతకం పెట్టాడు.

కొన్ని వారాలకు ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. నర్సమ్మ కాలరు మీద, గుండీలు కుట్టే ఎదురు పట్టీ మీద మడతాయన ఉమ్మి ఉంది. డీఎన్‌ఏ సరిపోయింది. బల్ల మీద ఒక చొక్కా సగం ఇస్త్రీలో ఉండగానే ఆయన్ను తీసుకెళ్లిపోయారు.

జైల్లో ఇనపజాలీకి అటు ఆయన, ఇటు ఆమె.

"నిజం చెప్పేద్దామయ్యా. ఆ ఉమ్మి ఎలా వచ్చిందో నాకు తెలుసు, నీకు తెలుసు."

"చెప్తే రేపటి నుంచి ఎవరు బట్టలిస్తారు? నేను బయటికొచ్చాక ఏం చెయ్యాలి?"

"ముందు బయటికి రావాలి కదా."

"నేను చంపలేదు. చంపనివాణ్ణి ఎన్నాళ్లు ఉంచుతారే? ఆ పిల్ల మన ఇంటి పిల్లలా మెలిగింది. కోర్టుకు తెలియదా?"

కోర్టుకు ఏం తెలుస్తుందో బొగ్గులక్కకు తెలియదు గానీ, ఈ మనిషి మొండితనం తెలుసు. తిన్నగా భర్త కేసు చూస్తున్న లాయరుబాబు దగ్గరికి వెళ్లి దుప్పటితో సహా అంతా చెప్పేసింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ ముక్క మొదటి రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మొదటి రోజు వీధంతా వింటోంది బాబూ."

మళ్లీ జైలుకు వెళ్లినప్పుడు మడతాయన మొహం గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆమె లేచి వచ్చేసే ముందు మాత్రం, "సరే, చెప్పమను" అన్నాడు.

కేసు నడిచినన్నాళ్లూ బొగ్గులక్క ఒక్క వాయిదా తప్పలేదు. కోర్టు వరండాలో ఫ్యాను కింద ఒకటే బెంచీ ఉండేది. దానికి ఆ చివర నర్సమ్మ తండ్రి కూర్చునేవాడు. గడియారాలు బాగుచేసే పని ఆయనది. ఏళ్ల తరబడి భూతద్దం బిగించుకున్న అలవాటుకో ఏమో, ఎవరిని చూసినా ఒక కన్ను కాస్త చికిలించి చూసేవాడు. ప్రతి వాయిదాకూ బస్సెక్కి వచ్చేవాడు. ఆమె ఎవరో ఆయనకు తెలుసు, ఆయన ఎవరో ఆమెకు తెలుసు. నడుమ ఇద్దరు పట్టే ఖాళీ ఎప్పుడూ ఉండేది, ఎంత రద్దీ ఉన్నా ఎవరూ అందులో కూర్చునేవాళ్లు కాదు.

ల్యాబు డాక్టరమ్మ బోనెక్కింది. లాయరుబాబు లేచి, ఇస్త్రీ చేసేటప్పుడు నోటితో చిమ్మిన నీళ్ల వల్ల ఆ ఉమ్మి పడి ఉండొచ్చు కదా అని అడిగాడు.

"పడొచ్చు. కానీ ఆ వెంటనే దాని మీద కాగిన ఇస్త్రీపెట్టె వెళ్తుంది. ఆ వేడికి ఇంత మిగలదు. ఇది ఇస్త్రీ అయ్యాక పడిందని నా అభిప్రాయం" అందామె.

లాయరుబాబు తెచ్చిన రిటైరైన ప్రొఫెసరు, గంజి పొర కింద మిగిలే వీలుందన్నాడు. వీలుండటం వేరు, ఉండటం వేరు అన్నాడు సర్కారు లాయరు. తర్వాత వాంగ్మూలం చదివి, బోర్డు ఫోటో చూపించి, మడతాయన వైపు తిరిగాడు.

"ఈ బోర్డు నువ్వే పెట్టావు. సీసా తప్ప వాడనని సంతకం పెట్టావు. రిపోర్టు వచ్చాక నోటితో చల్లానంటున్నావు. ఇందులో ఏది నమ్మమంటావు?"

"రెండోది" అన్నాడు మడతాయన. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.

ఆ కబురు వీధికి చేరేసరికి జనం మండిపడ్డారు. "చంపాడో లేదో కోర్టు చూసుకుంటుంది. మా ఇంటాయన చొక్కాల మీద ఇన్నేళ్లూ ఉమ్మేశాడన్నమాట" అని ఒకావిడ, బొగ్గులక్క ఇస్త్రీకి తీసుకున్న బట్టల మూట తిరిగి పట్టుకుపోయింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకుని రాజుకుని వాటంతటవే ఆరిపోయేవి.

మేడ మీది అత్తను సర్కారు లాయరు సాక్షిగా పిలిచాడు.

"ఆ మెట్ల దగ్గర పిల్లి దాటినా నాకు తెలుస్తుంది బాబూ. బోర్డు పెట్టించిందే నేను. పెట్టాక ఆయన నోటితో చల్లడం నేను చూడలేదు."

"భార్య దుప్పటి అడ్డం పెట్టేదట" అన్నాడు లాయరుబాబు.

"అడ్డం పెడితే నేను కనిపెట్టనా? అంత చూపు లేనిదాన్ని కాను."

ఆ సాయంత్రం అత్త మెట్లు దిగొచ్చి బొగ్గుల బస్తా మీద కూలబడింది.

"ఏమే, నిజంగానే అడ్డం పెట్టేదానివా?"

"పెట్టేదాన్నత్తా."

"నా కళ్ల ముందే?"

"మీ కళ్ల ముందే."

అత్త వీధి వైపు తిరిగింది. "చూడలేదంటే చూడలేదనే కదే చెప్పాలి. అబద్ధం ఎలా ఆడను" అంది.

"మిమ్మల్నేమీ అనడం లేదత్తా" అంది బొగ్గులక్క. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏమీ అడగకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆవిడ ఏమీ అడగకుండా వెళ్లడం ఆ మేడలో అదే మొదలు.

"మాటలతో ఇక లాభం లేదమ్మా" అన్నాడు లాయరుబాబు. "ఆ రోజుల్లోనే మీ ఆయన ఇస్త్రీ చేసిన గంజి బట్ట ఇంకోటి కావాలి. ఆ తర్వాత ఉతకనిది, ఎవరూ తొడగనిది. దాని మీద కూడా ఆయన డీఎన్‌ఏ దొరికితే, వేడికి మిగులుతుందని తేలిపోతుంది. దొరక్కపోతే మాత్రం మనమే ఉరి పేనుకున్నట్టు."

బొగ్గులక్క గడప గడపా ఎక్కింది. కొందరు తలుపు తీయలేదు. తీసినవాళ్లు, సంగతి బయటపడ్డ రోజే అన్నీ వేడినీళ్లలో నానబెట్టి రెండేసిసార్లు ఉతికేశామన్నారు. వాళ్లను అనడానికేముంది. తిరిగి తిరిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే చటుక్కున గుర్తొచ్చింది. నర్సమ్మకు రెండు జతలు. నాలుగు రోజులు సెలవు రావడంతో రెండోదీ ఆ వారంలోనే ముందుగా ఇస్త్రీ అయి గదికి చేరింది. ఆ పిల్ల దాన్ని తొడుక్కోనే లేదు. గది ఖాళీ చేసినప్పుడు సామానంతా తండ్రి పట్టుకెళ్లాడు.

ఆ తర్వాత వాయిదాకు వెళ్లి బెంచీ చివర ఎప్పటిలా కూర్చుంది. ఊళ్లో ఎవరినైనా ఆపి మాట్లాడించగల మనిషికి నోరు పెగల్లేదు. చివరికి ఆ నడిమి ఖాళీలోకి కొంచెం జరిగింది.

"అయ్యా, మీతో మాట్లాడటానికి నాకు మొహం చెల్లదు."

"ఇన్నాళ్లూ పక్కనే కూర్చున్నాం కదమ్మా. చెప్పండి."

చెప్పింది. ఆయన ఒక కన్ను చికిలించి వరండా అవతలికి చూస్తూ విన్నాడు.

"ఉంది" అన్నాడు. "బీరువాలో మడత విప్పకుండా ఉంది. మా ఆవిడ రోజూ తలుపు తీసి చూసుకుంటుంది. మాసిపోతుందని చేత్తో తాకదు." మళ్లీ ఆమె వైపు తిరిగి, "ల్యాబువాళ్లు ఏం చేస్తారు దాన్ని?" అన్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. "కత్తిరిస్తారటండీ."

"మీ ఆయన చెయ్యలేదని మీకెలా తెలుసు?"

"చెయ్యలేదండీ. కాకపోతే ఆ సాయంత్రం ఆయన వెంట నేను మెట్లెక్కలేదు. ఒట్టు పెట్టమంటే పెడతాను, ఒట్టుకు మాత్రం విలువేముంది."

"ఆయన కాకపోతే, చేసినవాడు ఎక్కడో తింటూ తిరుగుతూ ఉన్నాడు."

"ఉన్నాడండీ."

కేసు పిలిచారు. ఆయన లేచి లోపలికి వెళ్లాడు.

మళ్లీ వాయిదాకు బొగ్గులక్క ముందే వచ్చి కూర్చుంది. ఆయన ఆలస్యంగా, చంకలో అట్టపెట్టెతో వచ్చాడు. తాడుతో కట్టి ఉంది.

"మా ఆవిడ వద్దంది. నేను తెచ్చాను" అన్నాడు.

సర్కారు లాయరు అభ్యంతరం చెప్పాడు. ఇన్నాళ్లు ఇంట్లో ఉన్న బట్ట, సీలు లేదు, ఎవరు ఏం చేశారో తెలియదన్నాడు. జడ్జిగారు తండ్రి మొహం వైపు చూసి, "ముద్దాయిని కాపాడటానికి ఈయన ఏదో చేసి ఉంటారంటారా?" అని అడిగి, పరీక్షకు పంపమన్నారు. గుమాస్తా పెట్టె అందుకోబోతే ముసలాయన చేతులు వెంటనే వదల్లేదు. గుమాస్తా కూడా లాగలేదు.

రిపోర్టు రావడానికి చాలాకాలం పట్టింది. బొగ్గులక్కకు రెండు భయాలు పట్టుకున్నాయి. దొరక్కపోతే ఏమవుతుందో అని ఒక భయం. దొరికితే ఆ తండ్రికి ఏం మిగులుతుందో అని ఇంకొకటి. మొదటి దాని మాటున రెండోది దాక్కుని ఉందని ఆమెకు అప్పుడప్పుడే తెలుస్తుండేది.

దొరికింది. కాలరు లోపలి వైపు, ఎదురు పట్టీ మీద, సరిగ్గా అవే చోట్ల. ల్యాబు డాక్టరమ్మ మళ్లీ బోనెక్కింది.

"ఇంత మిగలదని ముందు నేనే చెప్పాను. దీని మీద మిగిలింది. కనక మొదటి దాని మీద ఉన్నది ఎప్పుడు పడిందో నేను చెప్పలేను. ఎవరిదో మాత్రమే చెప్పగలను" అందామె. పట్టుకోవడానికి సర్కారు లాయరుకు వేరే సాక్ష్యం లేదు. అనుమానం మిగిలితే దాని లాభం ముద్దాయికే దక్కాలని, మడతాయనను వదిలేస్తూ జడ్జిగారు తీర్పు చదివారు.

మడతాయన బోను దిగాడు. చొక్కా వేలాడేంతగా చిక్కిపోయాడు. ఎదురొచ్చిన భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిని అలాగే పట్టుకుని ఆమె వరండాలోకి వచ్చింది. బెంచీ మీద ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఒళ్లో కోర్టువాళ్లు తిరిగిచ్చిన కవరు. మూతి తెరిచి ఉంది. లోపల యూనిఫాం. కాలరు లేదు, ఎదురు పట్టీ పొడవునా చతురస్రాలు కోసేసి ఉన్నాయి.

మడతాయన అల్లంత దూరంలోనే ఆగిపోయాడు. బొగ్గులక్క వెళ్లి పక్కన కూర్చుంది.

"మరి ఎవరమ్మా?" అన్నాడు ముసలాయన.

ఆ ప్రశ్నకు జవాబు తర్వాత పోలీసుల దగ్గరా దొరకలేదు. కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు, మేడంతా మళ్లీ అడిగాడు, వెళ్లిపోయాడు. కాయితాలు ఎక్కడో అడుగున పడ్డాయి. మడతాయన విడుదలయ్యాడే గానీ వీధిలో సగంమందికి ఆయన దొరకని దొంగ, మిగతా సగానికి ఉమ్మేసే మనిషి. మెట్ల కింద బల్ల తీసేశారు. ఆయన ఒక లాండ్రీలో మూటలు మోసే పనికి కుదిరాడు, బొగ్గులక్క నాలుగిళ్లలో పనికి పోతుంది. ఇదంతా తర్వాతి సంగతి.

ఆ రోజు మాత్రం ముసలాయన కవరు మూతి మడిచాడు, మళ్లీ తెరిచాడు.

"దీన్ని ఇలా తీసుకెళ్లి మా ఆవిడ ముందు ఎలా పెట్టను?"

బొగ్గులక్క లేచి భర్త దగ్గరికి వెళ్లింది. నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు ఇంటికెళ్లు. నేను ఈయనతో వెళ్తున్నా."

"ఈ రోజా?"

"ఈ రోజే. ఆవిడ అడగాల్సింది నన్ను. ఆయన్ను కాదు."

మడతాయన తాళంచెవి వైపు చూసుకున్నాడు. "ఎప్పుడొస్తావు?" అన్నాడు చిన్నగా. ఇన్నాళ్లూ జాలీకి ఇటు నిలబడి ఆమె ఆయన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్న అది.

"వస్తాలే. నువ్వు పడుకో" అంది.

బస్సులో ముసలాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కవరు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఆనించాడు. బస్సు ఊరు దాటింది.

"మా ఆవిడ తలుపు తీయకపోవచ్చు" అన్నాడు.

"అరుగు మీద కూర్చుంటాను."

"తిడుతుంది."

"తిట్టనివ్వండి."

"మా పిల్ల మీతో మాట్లాడేదా?" అని అడిగాడు.

"రోజూ మాట్లాడేదండీ."

"ఏం మాట్లాడేది?"

బొగ్గులక్క చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా ఆయన తొందరపెట్టకుండా, ఆ చికిలించిన కంటితో ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు.